రమ్మన్న చెయ్యి

తమక ఊళ్ళోని శిక్షణ కేంద్రంలో నేత్రకు మొదట నేర్పింది కాచుకోవడం. మాటలు రాని పిల్లలకు కావలసింది మనమే ముందుగా అందిస్తే వాళ్ళకు అడిగే పని ఉండదు. వాళ్ళు అడిగేదాకా ఆగాలి, అడగ్గానే పలకాలి. "అడిగినా రాదని తెలిస్తే మళ్ళీ అడగరు," అని అక్కడ పాఠం చెప్పే మేడమ్ పదేపదే చెప్పింది.

నేత్రకు అప్పగించింది ఆండర్సన్‌పేటలోని జెరాల్డ్‌ను. మూడేళ్ళు నిండినా వాడు ఎవరి ముఖమూ చూసేవాడు కాదు. తల్లి ప్రిన్సీ పొద్దున్నే రైలెక్కి మాలూరు ఫ్యాక్టరీకి పోతుంది. వాణ్ణి చూసుకునేది అవ్వ మార్తా.

"బిడ్డకు నీళ్ళియ్యకుండా సతాయిస్తాండావు. ఇదేం చదువమ్మా?"

"రవ్వంత ఆగవ్వా, వాడే అడుగుతాడు."

"నీకు దప్పయినప్పుడు నేనూ ఇట్లే ఆగుతా, ఉండు!"

నేత్ర రోజూ గది ఆ చివర నిలబడి, వేళ్ళు ముడిచి తెరిచి 'రా' అని చూపించేది. ఒకరోజు జెరాల్డ్ ఆమె వైపు చెయ్యి చాచి, వేళ్ళు ముడిచి తెరిచాడు. నేత్ర పరుగెత్తి వాణ్ణి ఎత్తుకుంది. మార్తా "యేసయ్యా" అంటూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

మరునాడు ప్రిన్సీ అన్నం డబ్బా పట్టుకుని బయలుదేరుతుంటే వాడు ఆమెను చూశాడు. చెయ్యి చాచాడు. ప్రిన్సీ వెనక్కి వచ్చి వాణ్ణి గుండెకు హత్తుకుంది. రైలు పోయింది. ఆ మరునాడూ అంతే. ఇంకోసారి ఆలస్యమైతే పనికి రావద్దని సూపర్‌వైజర్ తెగేసి చెప్పాడు.

"ఆ పిలిచేది వాడు మరిచిపోయేట్టు చెయ్యి నేత్రమ్మా. ముందు నేను పోయేది వానికి తెలిసేదే లేదు. నాకూ నిమ్మళంగా ఉండె."

మేడమ్‌ను అడిగితే టాటా చెప్పడం నేర్పమంది. వాడు నేర్వలేదు. రోజూ తలుపు వైపు వేళ్ళు ముడిచి తెరిచేవాడు. ప్రిన్సీ తల తిప్పకుండా పోయేది. తల్లికి బదులు నేత్ర దగ్గరికి పోతే వాడు ఆమె చేతిని తోసేసేవాడు.

ఒక పొద్దున ప్రిన్సీ చెప్పులు వేసుకుని, అలవాటుగా తల దించుకుంది. వెనక ఏదో గిరగిర తిరిగే చప్పుడు. తిరిగి చూసింది. జెరాల్డ్ గిన్నె మూతను నేలమీద తిప్పుకుంటున్నాడు.

"జెర్రీ, అమ్మ పోతా ఉండాది రా."

వాడు తల ఎత్తలేదు, చెయ్యి చాచలేదు. మూత తిరిగి తిరిగి పడిపోయింది. మళ్ళీ తిప్పాడు.

"పోమ్మా, ఇంగ రైలు తప్పిపోతాది," అంది మార్తా.

ప్రిన్సీ చెప్పులతోనే గడప మీద కూలబడింది. నేత్ర ఆమె చేతిలోని డబ్బా తీసుకుని పక్కన పెట్టింది.