పదకొండు, పాత జెట్టీ

నేను ఒక గోడ గడియారాన్ని. పుట్టింది జర్మనీలో, బతికింది తూర్పు ఆఫ్రికా తీరాన ఒక రేవు పట్నంలో. ఓడ దిగాక కొన్నాళ్లు ఓ గుజరాతీ సేటు కొట్లో వేలాడాను. అక్కణ్ణుంచి షొమారీ అనే సంపాదకుడు నన్ను తెచ్చి తన పత్రికాఫీసు గోడకు తగిలించాడు. అది నాలుగు పేజీల స్వాహిలీ దినపత్రిక.

మొదట్లో నాకు తల కొట్టేసినట్టుండేది. అక్కడివాళ్లు గంటల్ని పొద్దుపొడుపు నుంచి లెక్కపెడతారు. నా ముల్లు ఏడు మీదుంటే ఒంటిగంట అంటారు. నేను పది కొడితే నాలుగైందంటారు. పత్రిక నడిపేవాళ్లకు గడియారం చూడటం రాదా అని విసుక్కునేదాన్ని. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు మాత్రం బుద్ధిగా నేను చూపించే గంటే చెప్పేవాళ్లు. ఉగ్గుపాలతో వచ్చిన లెక్క కాబట్టి ఊళ్లో ఎవరూ తడబడరు.

ఒక ఏడాది కరువొచ్చింది. సాయంగా ఓడలో వచ్చిన మొక్కజొన్న పుచ్చిపోయింది. సర్కారువాళ్లు దాన్నే కొత్త గోతాల్లోకి మార్చి పల్లెలకు పంపారు. తిన్న పిల్లలు చనిపోయారు. ఈ సంగతి తవ్వుతున్నది మ్వానాయిదీ అనే విలేఖరి. గోతాలు మారుస్తుండగా దొంగచాటుగా ఫోటోలు తీసిన ఒక రేవుకూలీ వాటిని ఆమెకిస్తానన్నాడు. పట్టుబడితే ఇద్దరూ ఇల్లు చేరరు. అంతకుముందే ఆ ఆఫీసు విలేఖరి ఒకడు అలా మాయమయ్యాడు. అప్పటి నుంచి షొమారీ ఒక నియమం పెట్టాడు. ఎవరు బయటికెళ్లినా ఎక్కడికో, ఎన్నింటికో నా కింద పలక మీద రాసి వెళ్లాలి. రాకపోతే వెతుకులాట ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియాలిగా.

ఆ పొద్దున మ్వానాయిదీ రాసి వెళ్లింది: ‘11, పాత జెట్టీ.’ వాళ్ల లెక్కలో అది సాయంత్రం ఐదు.

నా ముల్లు తొమ్మిది దాటాక బయట జీపు ఆగింది. రాజధాని నుంచి కొత్తగా వచ్చిన పోలీసు అధికారి, అతను వెంట తెచ్చుకున్న ఇద్దరు జవాన్లు, వెనకే జీపు డ్రైవరు లోపలికొచ్చారు. అఫాండే, అంటే దొరా, అని పిలిపించుకునే ఆ అధికారి విదేశాల్లో చదివినవాడు, నోరు తెరిస్తే ఇంగ్లీషే. అతనికీ వెంట తెచ్చిన జవాన్లకీ ఈ తీరపు గంటల లెక్క తెలియదు. ఫోటోల సంగతి ఎలా పొక్కిందో, మ్వానాయిదీ ఏదని అడిగి, పలక చూశాడు. తలెత్తి నన్ను చూశాడు. ఇంకా దాదాపు రెండు గంటలుందని నవ్వాడు.

షొమారీ బల్ల మీది కాగితాలు సర్దుతూ కూర్చున్నాడు. నాకు భయమేసింది. గదిలో ఊరివాళ్లమెవరం అతని లెక్క దిద్దలేదు. కానీ డ్రైవరు మకామే కూడా ఊరివాడే. అతను పలక చూశాడు, నన్ను చూశాడు. అతనికి అర్థమైందని నాకు తెలిసిపోయింది. ఒక్క మాటంటే ఆ పిల్ల బతుకు ముగిసినట్టే. మకామే నోరు తెరిచాడు.

“జెట్టీ దగ్గర నీడ ఉండదు, అఫాండే. నీళ్లు పట్టుకెళ్దామా?”

జీపు కదలగానే షొమారీ చొక్కా చేత్తో పలక తుడిచేసి, చేపల బజారులో ఉన్న మ్వానాయిదీకి కబురంపాడు. ఆమె కూలీని వేరేచోట కలిసింది, మధ్యాహ్నంలోపే ఫోటోలు ఆమె చేతికొచ్చాయి. రేవుకూలీ పడవెక్కాడు.

నా లెక్కలో ఒకటిన్నరకు అధికారి ఎండకు మాడి తిరిగొచ్చాడు. ఖర్మకాలి అప్పుడే ఓ ముసలాయన భార్య మరణవార్త వేయించడానికి వచ్చాడు. అధికారిని చూసి ఇంగ్లీషులోనే అడిగాడు, గంట మాత్రం నోటికొచ్చిన అలవాటుగా చెప్పాడు.

“రేపటి పేపర్లో పడుతుందా బాబూ? అప్పుడే ఏడున్నరైంది.”

అధికారి ఆయన్ను చూశాడు. నన్ను చూశాడు. తుడిచేసిన పలక చూశాడు. చివరికి డ్రైవరు వైపు తిరిగాడు.

“నువ్వు ఈ ఊరివాడివి. నీకు తెలుసు.”

“మీరు ఇంగ్లీషులో చదివారు, అఫాండే,” అన్నాడు మకామే. “నేను ఇంగ్లీషులోనే నడిపాను.”

అధికారి అతని చేతిలోని జీపు తాళంచెవులు లాక్కున్నాడు. వెళ్లేటప్పుడు జీపు అతనే నడిపాడు. మకామేను వెనక సీట్లో జవాన్ల మధ్య కూర్చోబెట్టారు.

మర్నాడు ఫోటోలు అచ్చయ్యాయి, గోతాల పంపకం ఆగింది. మూడోనాడు ఆఫీసుకు తాళం పడింది. షొమారీ పది నెలలు జైల్లో ఉండి వచ్చాడు. మకామే గురించి మ్వానాయిదీ ఎన్ని ఉత్తరాలు రాసినా ఒకటే జవాబు: ఆ పేరుతో మా దగ్గర డ్రైవరెవరూ పనిచేయలేదు.

ఇప్పుడు నేను షొమారీ ఇంటి గోడ మీద ఉన్నాను. కీలు అరిగాయి, గంట గొంతు బొంగురుపోయింది. ఒకప్పుడు ఈ జనానికి గడియారం చూడటం రాదని వెక్కిరించినందుకు సిగ్గుపడుతుంటాను. రోజూ సాయంత్రం ముసలివాడైన షొమారీ చేతిలో కాఫీ కప్పు పక్కన పెట్టి నా వంక చూస్తాడు. నేను ఐదు కొడతాను. ఆయన పదకొండు అనుకుని, మకామే వస్తాడేమోనని తలుపు వైపు చూస్తాడు.