టికెట్టు లేని రిపేర్లు

ఫయాజ్ పేరెత్తితే చాలు, నర్సింగ్‌కు తాగుతున్న చాయ్ చేదెక్కుతుంది. కడప నుంచి వచ్చి మూడేళ్లు నిండలేదు, కంప్యూటర్ ఆఫీసు ఏసీ గదిలో కుర్చీ దిగడు, ప్రొజెక్టర్ మూత ఎటు తిప్పితే ఊడుతుందో తెలియదు. అయినా కాలేజీలో ఏ వైరు బాగుపడినా లెక్కకెక్కేది వాడి పేరే. నిచ్చెన మోసేది మాత్రం నర్సింగ్.

దోహాలో అదొక చిన్న కాలేజీ. డాక్టర్లనూ ఇంజనీర్లనూ తయారుచేసేది కాదు. చరిత్ర, సాహిత్యం, సంగీతం, బొమ్మలు వేయడం, ఇలాంటివన్నీ కలిపి చెప్పే చోటు. మూడు వందల మంది పిల్లలు, పద్నాలుగు గదులు. జగిత్యాల దగ్గర ఒక ఊళ్లో ఏడో తరగతితో బడి మానేసిన నర్సింగ్, మనుషుల్ని సప్లై చేసే కంపెనీ వీసా మీద అక్కడ క్లీనర్‌గా చేరాడు. తుడుస్తూ తుడుస్తూనే గదుల గుట్టు పట్టాడు. మూడో గదిలో ముందు ప్రొజెక్టర్, తరువాతే కంప్యూటర్ వేయాలి, తిరగేస్తే తెర నల్లగా ఉండిపోతుంది. తొమ్మిదో గది మైకు పక్కన ఫోన్ పెడితే గురగురమంటుంది. ఇవన్నీ ఏ పుస్తకంలోనూ లేవు. అయిదేళ్లు చూసి, కాలేజీ వాళ్లే కంపెనీతో మాట్లాడి అతన్ని టెక్నీషియన్ చేయించారు. మెడలో నీలం కార్డు పడింది. పెరిగిన జీతంతో ఇంటి దగ్గర భార్య గంగామణి బీడీలు చుట్టడం మానేసింది. దుబాయ్‌లో ఆఫీసరయ్యాడట అని ఊళ్లో చెప్పుకున్నారు. ఇది దుబాయ్ కాదు, ఖతర్ అని అతను ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినలేదు.

అట్లా ఆరేళ్లు నడిచింది. నిరుడు ఇలాంటివే మరో మూడు చిన్న కాలేజీలు దీంతో చేతులు కలిపాయి. ఎవరికి వారు కంప్యూటర్ ఆఫీసు పెట్టుకోవడం దండగ, నాలుగింటికీ ఒక్కటి చాలన్నారు. ఇకమీదట ఎవరికి ఏం చెడిపోయినా కంప్యూటర్‌లో రాసి పంపాలి. దానికో నంబరు పడుతుంది, అదే టికెట్టు. పనిచేసినవాడు తన పేరుతో దాన్ని మూసేయాలి. ఏడాది చివర టికెట్లు లెక్కేసి, ఏ కాలేజీలో ఎంతమంది టెక్నీషియన్లను ఉంచాలో తేలుస్తారు.

నర్సింగ్‌కు ఇదంతా పనిలేనివాళ్ల పని అనిపించింది. పిల్లలంతా మొహాలు చూస్తుంటే, టీచరు పాఠం ఆపి టికెట్టు రాస్తూ కూర్చుంటుందా? అలవాటు కొద్దీ అతనికే ఫోన్ చేసేవాళ్లు. రెండు నిమిషాల్లో వెళ్లేవాడు. ఎక్కడో ఒకరిద్దరు పద్ధతిగా టికెట్టు పెడితే, వెళ్లి బాగుచేసేది నర్సింగ్, కుర్చీలోంచి మూసేది ఫయాజ్.

మొదట్లో ఫయాజ్ వెంటపడ్డాడు. ఒకరోజు జిరాక్స్ మిషను దగ్గర, మలయాళీ గుమస్తాలు నలుగురూ వింటుండగా ఆపాడు.

“నర్సింగన్నా, టికెట్టు లేకుండా నిచ్చెన ఎక్కొద్దబ్బా. నీకు ఇంగ్లీషు రాకపోతే నాకు చెప్పు, నీ పేరు మీద నేను రాస్తా.”

గుమస్తాలకు తెలుగు రాదు గానీ ఇంగ్లీషు అన్న మాట అర్థమవుతుంది కదా. నర్సింగ్‌కు ఒళ్లు మండింది.

“నా పని నువ్వు రాసిచ్చుడేందిరా? నీ కుర్చీ నువ్వు సూస్కో, సాలు.”

ఆ తరువాత ఫయాజ్ మళ్లీ అడగలేదు.

మే నెలలో జియావుద్దీన్ పిలిపించాడు. నాలుగు కాలేజీల ఆఫీసుకూ అతనే మేనేజరు, నిజామాబాద్ మనిషి. మీ కాలేజీకి ఏడాదంతా ముప్పై ఒక్క టికెట్లే వచ్చాయి, అన్నీ ఫయాజ్ మూసినవే, నీ పేరు మీద సున్నా అన్నాడు. నర్సింగ్ ఫోన్ తీసి ముందు పెట్టాడు. ఒక్క ఫిబ్రవరిలోనే నూట నలభై ఫోన్లు. జియావుద్దీన్ వేలితో కిందికి జరుపుతూ చాలాసేపు చూశాడు. ఇవి నిజమే, కానీ ఫోన్ తీసుకెళ్లి నాలుగు కాలేజీల మీటింగ్‌లో పెట్టలేనన్నాడు. ఆదివారం మీటింగ్ లోపల టీచర్లతో ఒక ఉత్తరం రాయించుకు రమ్మన్నాడు.

చరిత్ర చెప్పే లెబనాన్ మేడం అప్పటికప్పుడు రాసిచ్చింది. మిగతా టీచర్లంతా సంతకాలు పెట్టారు. నర్సింగ్‌కు అందులో చదవగలిగింది తన పేరొక్కటే. లిఫ్టు దగ్గర ఫయాజ్ ఎదురయ్యాడు. ఇచ్చేముందు ఒకసారి చూపించన్నా, ఏం రాశారో చూస్తానన్నాడు. నర్సింగ్ కవరు చొక్కా లోపలికి దోపుకుని మెట్ల మీదుగా దిగిపోయాడు. వీడి చేతికిస్తే అది కూడా వీడి పేరు మీదికే పోతుందని అతని భయం.

ఆదివారం మధ్యాహ్నం మీటింగ్ అయ్యాక జియావుద్దీన్ అతన్ని కూర్చోబెట్టి ఆ ఉత్తరాన్ని తెలుగులో చెప్పాడు. గత ఏడేళ్లలో మా కాలేజీలో మిషన్ల వల్ల ఏ ఇబ్బందీ రాలేదు. ఒక్క క్లాసూ ఆగలేదు. ఇదంతా నర్సింగ్ చలవ.

“మంచిగనే రాసిన్రు గద సార్,” అన్నాడు నర్సింగ్.

“నీ మీద ప్రేమతోనే రాసిన్రు భాయ్. మిగిలిన కాలేజీలోళ్లు మొదటి మాట పట్టుకున్నరు. ఏ ఇబ్బందీ లేని కాడ మనిషెందుకు, మాకియ్యున్రి అన్నరు. ఆడ టికెట్లు వెయ్యి దాటినయ్. నీ పోస్టు ఆళ్లకు పోయింది.”

“నేన్ గూడ పోతనా?”

“నీ పేరు మీద సున్నా ఉంది. నిన్నెట్ల అడుగుతరు?”

“ఆఖరి మాట సదవలేదా?”

“సదివిన్రు. మంచి మనిషున్నడు అన్నరు.”

నీలం కార్డు ఆ టేబుల్ మీదే పెట్టించుకున్నారు. కంపెనీ అతన్ని అదే కాలేజీలో మళ్లీ క్లీనర్‌గా వేసింది. మిషన్లను ముట్టుకోవద్దని కాగితం మీద వేలిముద్ర వేయించుకుంది, సంతకం వచ్చని చెప్పినా వినకుండా.

ఫయాజ్ నర్సింగ్ ఉండే లేబర్ క్యాంపుకే వచ్చాడు. “ఒక్కసారి చూపించుంటే ఆ మొదటి మాట మార్పించేవాణ్ని కదన్నా,” అన్నాడు. నర్సింగ్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. వాడు పోయాక గదిలో వాళ్లకు చెప్పాడు, చేసిందంతా వీడేనని. ఎట్లా చేశాడని వాళ్లు అడిగితే మాత్రం దుప్పటి ముసుగేసుకున్నాడు.

టెక్నీషియన్ జీతం పద్దెనిమిది వందల యాభై రియాళ్లు. క్లీనర్‌కు పన్నెండు వందలు. నర్సింగ్‌కు పోయింది నెలకు ఆరు వందల యాభై రియాళ్లు.