మడిచిన టేపు కొస

ఆ ఆదివారం చెయ్యాల్సిన పనులు ఇవి. వారం బట్టలు ఉతికి ఆరెయ్యాలి. పాప యూనిఫాం ఇస్త్రీ చెయ్యాలి. ఫ్రిజ్ ఖాళీ చేసి కడగాలి. అత్తగారి మోకాళ్ళకు కాపడం పెట్టాలి. మామగారి మందులు డబ్బాలో సర్దాలి. భర్త చొక్కాకు ఊడిన బొత్తాం కుట్టాలి. వీటి మధ్య ఎక్కడైనా ఓ గంట చిక్కితే, కారులో వేడిగాలి ఫ్యాను సంగతేమిటో చూడాలి.

చివరిదాన్ని ఆమె తప్ప ఇంట్లో ఎవరూ పని కింద లెక్కెయ్యలేదు.

"ఇప్పుడు దాంతో ఏం కొంప మునిగిందని?" అన్నాడు భర్త, ఫోనులోంచి తలెత్తకుండా.

మునిగేది ఆమె కొంపే. ఆమె ఆసుపత్రిలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. పుట్టింటి వైపు డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషి. ఎన్నో ఏళ్ళు ఇంకొకరి కింద సీసాలకు పేర్లు అంటించాక, ఈ చలికాలమే పొద్దుటి షిఫ్టుకు ఇన్‌చార్జిని చేశారు. పరగడుపున వచ్చే రోగుల కోసం తెల్లవారకముందే ల్యాబు తాళం తియ్యాలి. ఆ వేళకు బస్సులుండవు. భర్త ఆఫీసు వ్యానులో వెళ్తాడు గనక ఇంట్లో ఉన్న పాత కారు ఆమె చేతికొచ్చింది. వచ్చిన కొన్నాళ్ళకే ఫ్యాను ఆగిపోయింది. వెచ్చటి గాలి తగలకపోతే లోపలి ఊపిరికే అద్దం తెల్లగా మూసుకుపోతుంది. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో తువ్వాలు పట్టుకుని, తుడుచుకుంటూ, ఆగుతూ, పాకుతున్నట్టు వెళ్ళేసరికి ల్యాబు ముందు ముసలివాళ్ళు చలిలో వణుకుతూ నిలబడి ఉండేవారు. "సోమవారానికి ఏదో ఒకటి తేల్చమ్మా. నీకు కుదరకపోతే ఇంకొకరికి ఇస్తాను," అంది సూపరింటెండెంటు. అందులో కోపం లేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

ఫ్యాను గురించి మామగారు అప్పటికే చూశారు. ఆయన బస్సు డిపోలో ఎలక్ట్రీషియన్‌గా రిటైరైన మనిషి. కారులో చాలాసేపు కూర్చుని, బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, "మోటారు కాలిపోయిందమ్మా. పాత మోడలు, ఇప్పుడు దొరకదు," అన్నారు. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తానంటే నొచ్చుకున్నారు. "నేనుండగా మెకానిక్కా? నా పరువేం కాను?"

ఆమె ఆగిపోయింది. ఆయన మాటంటే ఆమెకు అంత గురి. ఆ ఇంట్లో ఆమెకు మనిషి అంటూ ఉంటే ఆయనే. సాయంత్రం గుమ్మంలో అడుగుపెట్టగానే మిగతావాళ్ళు వంటేమిటని అడిగితే, ఆయనొక్కరే "ఇవాళ ఎంతమందిని పొడిచావే శిష్యురాలా?" అని అడిగేవారు. కారు నేర్పింది ఆయనే. "ముందు ఊళ్ళో గోడలకు ఇన్సూరెన్సు చేయించండి నాన్నా," అని భర్త వెక్కిరిస్తుంటే, "నువ్వు నోరు మూసుకోరా, నీకన్నా నయం," అని పక్క సీట్లో కూర్చునేవారు. ఫ్యూజు మార్చడం, కరెంటు ఉందో లేదో చూపే టెస్టు ల్యాంపు పట్టుకోవడం కూడా చెప్పారు. "కరెంటుకి నువ్వెవరో తెలీదమ్మా. దారుంటే వస్తుంది, లేకపోతే ఆగుతుంది. ఎక్కడ ఆగిందో మొదట్నుంచి వెతుక్కుంటూ పో, మధ్యలో దూకొద్దు."

అందుకని ఆ ఆదివారం ఆమె కారు తలుపు తీసింది ఆయన్ని అనుమానించి కాదు. పాత సామాన్ల దుకాణంలో అడగాలంటే మోటారు మీద నంబరు కావాలి, అంతే. ఆయన క్షవరానికి వెళ్ళారు. ఆయన పనిముట్ల పెట్టే తెచ్చుకుని, నేర్పిన అలవాటు కొద్దీ మొదట్నుంచే మొదలుపెట్టింది. ఫ్యూజు లాగి వెలుతురులో పెట్టి చూసింది. లోపలి తీగ నిక్షేపంగా ఉంది. స్విచ్చి తిప్పితే రిలే టక్కుమంది. ఇక్కడిదాకా కరెంటు వస్తోందన్నమాట. పక్క సీటు ముందున్న సామాన్ల అర ఊడదీసి, మోకాళ్ళ మీద కూర్చుని, తల లోపలికి దూర్చింది.

మోటారు కనబడింది. దానికి ఉండాల్సిన ప్లగ్గు లేదు.

ప్లగ్గు వైర్ల కట్ట వెనక్కి మడిచి దోపి ఉంది. కుదుపులకు ఊడే రకం కాదది. దానికో కొక్కెం ఉంటుంది, వేలితో నొక్కి లాగితే తప్ప రాదు. పైగా దాని మూతికి నల్లటి టేపు చుట్టి ఉంది. శుభ్రంగా, ముడత లేకుండా. టేపు కొసను రవ్వంత లోపలికి మడిచి వదిలారు. మన తర్వాత విప్పేవాడు గోళ్ళు విరగ్గొట్టుకోకూడదమ్మా, అని ఆమెకు నేర్పిన చెయ్యి ఒకటే ఉంది ప్రపంచంలో.

ఆ మడతను పట్టుకుంటే టేపు హాయిగా ఊడొచ్చింది. ప్లగ్గులో టెస్టు ల్యాంపు పెడితే వెలిగింది. ప్లగ్గును మోటారుకు నొక్కితే టిక్కుమంది. అంతే. ఆకుల పొడి, దుమ్ము ఆమె మొహాన కొడుతూ ఫ్యాను తిరిగింది.

ఆమె అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయింది. భర్త చేసుంటే ఇంత నొప్పి ఉండేది కాదేమో. అతని దగ్గర ఆమె ఏనాడూ దాచుకున్నదేమీ లేదు, పోగొట్టుకోవడానికి. కానీ ఈయన! కిందటి వారం పొగమంచులో సైకిలు మీద వెళ్తున్న మనిషి అద్దంలోంచి కనబడక, ఆఖరి క్షణాన బ్రేకు తొక్కితే, కారు అతనికి జానెడు దూరంలో ఆగింది. ఆ మనిషి తిట్టను కూడా తిట్టలేదు, భయంతో చూశాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఎవరికీ చెప్పుకోలేక ఆయనకే చెప్పుకుంది. ఆయనే మంచినీళ్ళిచ్చారు. "ఎందుకమ్మా ఇంత కష్టం," అన్నారు. ఆ మాటలో జాలి విని ఆమెకు ఏడుపొచ్చింది. ఆ జాలి నిజమే. టేపు కూడా నిజమే. రెండూ ఒకే మనిషిలో ఎలా సర్దుకున్నాయో ఆమెకు అంతుపట్టలేదు. తను చచ్చేదేమో. ఇంకొకరిని చంపేదేమో. అది తెలిసి కూడా మంచినీళ్ళిచ్చారు.

నున్నటి గడ్డంతో, పౌడరు వాసనతో ఆయన గేటు తీసుకుని వచ్చారు. ఫ్యాను చప్పుడు విని అక్కడే నిలబడ్డారు.

"బాగైందా అమ్మా?"

"పాడైతే కదా మామయ్యా, బాగవడానికి," అని టేపు ముక్క చూపించింది.

ఆయన అబద్ధమాడలేదు. వరండా మెట్టు మీద కూలబడ్డారు. "నువ్వు షిఫ్టుకు వెళ్ళాక వాడు పొద్దున్నే సింకు దగ్గర నిలబడి గిన్నెలు తోముకుంటుంటే చూడలేకపోయానమ్మా. ఒక్కగానొక్క కొడుకు."

"ఇన్నేళ్ళూ నేను తోమితే చూశారుగా?"

"నీకు అలవాటే కదమ్మా."

"సైకిలాయన సంగతి చెప్పాను మీకు."

"ఆ రోజే పెట్టేద్దామనుకున్నా." ఆయన తల వంచుకున్నారు. "ఇంకో నాలుగు రోజులాగితే నువ్వే మానేస్తావులే అనిపించింది."

గొంతులు విని భర్త బయటికొచ్చాడు. సంగతి విని తేలిగ్గా నిట్టూర్చాడు. "ప్లగ్గేగా, పెట్టేశావుగా? దానికింత రాద్ధాంతమా? పెద్దాయన్ని పట్టుకుని నిలదీస్తావా?"

అతనికి జవాబు చెప్పింది ఆమె కాదు. చిక్కుడుకాయలు తరుగుతున్న అత్తగారు, చాకు చేతిలో ఉండగానే గుమ్మంలోకి వచ్చారు. కొడుకును దాటి, మొగుడి వైపు చూశారు.

"మరి నా బండి?"

"ఏ బండి?" అన్నారాయన.

"నాకు ఉన్నది ఒక్కటేగా."

పెళ్ళైన కొత్తలో అత్తగారు నర్సరీ బడిలో పాఠాలు చెప్పేవారు. చిన్న మోపెడ్ మీద వెళ్ళేవారు. కొడుకు పుట్టాక అది పొద్దున పూట మొరాయించడం మొదలుపెట్టింది. ఎంత తొక్కినా కదిలేది కాదు. సాయంత్రం ఆయన చెయ్యి తగలగానే లేచేది. "నీ చెయ్యి మంచిది కాదే, ముట్టుకుంటే ఏదైనా ఆగిపోతుంది," అనేవారాయన నవ్వుతూ. ఆలస్యాలు ఎక్కువై బడి పోయింది. ఆ మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. మిక్సీ ఆగినా, కుళాయి కారినా, "అమ్మ ముట్టుకుందా?" అని కొడుకు, ఆ తర్వాత మనవరాలు. కోడలు కూడా నవ్వింది ఎన్నోసార్లు. ఆవిడా నవ్వేవారు, అందరికన్నా ముందు.

"అప్పుడు వీడు చంటివాడు..." అని మొదలుపెట్టి ఆయన ఆగిపోయారు.

ఆవిడ లోపలికెళ్ళి చిక్కుడుకాయల పళ్ళెం తెచ్చి ఆయన పక్కన మెట్టు మీద పెట్టి, దాంట్లో చాకు పడేశారు. "మిగతావి మీరు తరగండి." మోకాళ్ళు పట్టుకుంటూ వెళ్ళి కారులో పక్క సీట్లో కూర్చున్నారు. ఫ్యానుకు ఎదురుగా చెయ్యి పెట్టి, వేళ్ళు విప్పి, ముడిచి, మళ్ళీ విప్పి చూసుకున్నారు.

కోడలు సూపరింటెండెంటుకు ఫోను చేసింది. "షిఫ్టు నేనే చేస్తాను మేడమ్. ఇక ఆలస్యం కాదు." తర్వాత రెండో తాళంచెవి కూడా మేకు మీంచి తీసి తన సంచిలో వేసుకుంది. మామగారితో మెల్లిగానే అంది: "ఇకనుంచి ఆ కారు మీద చెయ్యి వెయ్యకండి మామయ్యా." ఆయన్ని మామయ్యా అని పిలవడం ఆమె మానలేదు. సాయంత్రాలు ఎంతమందిని పొడిచిందో ఆయనకు చెప్పడం మాత్రం ఆ రోజుతో మానేసింది.

ఆమె సంగతి ఆమె చూసుకుంటుంది. ఆమె కోసం మీరు బెంగ పెట్టుకోనక్కర్లేదు. ఆ పక్క సీట్లో కూర్చున్న పెద్దావిడను మాత్రం గుర్తుంచుకోండి. బడి గేటు దగ్గర పిల్లలు తన కోసం కాచుకుని ఉండేవారని, మలుపు తిరగ్గానే "బండి టీచర్, బండి టీచర్" అని కేకలేస్తూ పరిగెత్తుకొచ్చేవారని ఆవిడ ఆ మధ్యాహ్నమే మొదటిసారి చెప్పారు. ఆ బండి పాడవలేదు. ఆవిడ చెయ్యి మంచిదే. ఈ సంగతి ఆవిడకు చెప్పడానికి ఇన్నేళ్ళూ ఎవరూ లేకపోయారు. బండి టీచర్‌ని గుర్తుపెట్టుకోండి.