స్కేలు కింద వెలుతురు

నాకు ముక్కు మీదే కోపం ఉంటుందని అందరూ అంటారు. అననివ్వండి. ఆ వారం రోజులూ ఒక్క మాట కూడా పైకి అనకుండా ఎలా బతికానో నాకు తెలుసు, నా కుట్టు మిషనుకు తెలుసు.

మా ఆయన బాయిలర్ల ఫ్యాక్టరీలో వెల్డరు. ఇరవై రెండేళ్ల సర్వీసు. ఆయన అతుకు వేస్తే గీత గీసినట్టే ఉంటుందని అక్కడ అందరూ ఆయన్ని స్కేలు మేస్త్రి అని పిలుస్తారు. ఐదు నెలల కిందట నిచ్చెన మీంచి జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఎముక అతుక్కుంది గానీ చేతిలో సన్నటి వణుకు ఒకటి మిగిలిపోయింది. టీ గ్లాసు పట్టుకుంటే లోపల టీ కదులుతూనే ఉంటుంది. సోమవారం పదింటికి ఫ్యాక్టరీలో ఆయనకు పరీక్ష. ఒక పైపు అతికించి చూపించాలి. నెగ్గితే మళ్లీ తన పని తనకు. లేకపోతే స్టోర్సు గదిలో కిటికీ వెనక కూర్చుని మిగతా వెల్డర్లకు గ్లౌజులు అందివ్వాలి. ఆ కిటికీ వెనక ఈయన ఆరు నెలలు కూడా ఉండలేరు. మనిషి చిక్కి సగమైపోతారు.

ఈ పరీక్ష సంగతి ఆయన నాకు చెప్పలేదు. ఫోర్‌మన్ భార్య కోటు కుట్టించుకోవడానికి వచ్చి, నేను భుజాల కొలత తీస్తుంటే చెప్పింది.

"అదేంటి టైలరమ్మా, మీకు తెలీదా?"

"తెలీకేం!" అన్నాను. టేపు చేతిలోంచి జారి కింద పడింది.

అంతకు ముందురోజే ఆయన ఉన్నట్టుండి మా తమ్ముడి పాత కారు తెప్పించి మా ఇంటి వెనక షెడ్డులో పెట్టించారు. దానికి కొత్త హెడర్ చేస్తారట. ఇంజిన్‌లోంచి పొగ నాలుగు రంధ్రాల గుండా బయటికి వస్తుంది. ఆ నాలుగింటికీ నాలుగు గొట్టాలు తగిలించి, ఒకదానికొకటి రాసుకోకుండా మెలికలు తిప్పి, చివర ఒకే గొట్టంలో కలపాలి. నాలుగూ సరిగ్గా ఒకే పొడుగుండాలి. అదీ హెడర్ అంటే.

"షాపులో దొరకదా ఇది?" అని అడిగితే, "దొరికేది నాకు నచ్చదు" అన్నారు.

ఫోర్‌మన్ భార్య చెప్పి వెళ్లాక నాకు అర్థమైంది. కారూ లేదు, గీరూ లేదు. చిన్న చిన్న వంపు ముక్కలు కలిపి చేసే ఆ నాలుగు గొట్టాలకు ముప్పై ఆరు అతుకులు పడతాయి. ఫ్యాక్టరీ వాళ్లు పెట్టేలోపు తన చేతికి తనే పరీక్ష పెట్టుకుంటున్నారు మహానుభావుడు. కట్టుకున్నదానికి మాత్రం ఒక్క ముక్క చెప్పరు! ఒళ్లు మండిపోయింది. అయినా నోరు మెదపలేదు. మనిషి అసలే గాజు గ్లాసులా ఉన్నారు, నా నోరు తగిలితే పగిలిపోతారేమోనని భయం.

నేను ముందు గదిలో కుడుతూ ఉంటాను, షెడ్డు వంటగది అవతల. అతుకు వేస్తున్నప్పుడు అక్కడి నుంచి చప్పుడే ఉండదు, సన్నగా గ్యాసు బుసకొడుతుందంతే. అతుకు వంకర పోతే దాన్ని అరగదీయాలి కాబట్టి గ్రైండరు పెడతారు. ఆ గ్రైండరు వీధి చివరిదాకా అరుస్తుంది. అందుకని నా చెవులు రెండూ షెడ్డులోనే పెట్టుకుని కూర్చునేదాన్ని. నిశ్శబ్దంగా ఉంటే ఊపిరి బిగబట్టడం, గ్రైండరు అరిస్తే ఉసూరుమనడం. ఆ వారం మొదట్లో, సోమవారం పదకొండు సార్లు అరిచింది. మంగళవారం తొమ్మిది. బుధవారం మళ్లీ పద్నాలుగు. ఆ రోజు ఆయన అన్నం దగ్గర స్పూను ఎడమచేత్తో పట్టుకున్నారు. నేను చూడనట్టు నటించాను. ఆయన నేను చూడలేదని నమ్మినట్టు నటించారు.

కాలుగాలిన పిల్లిలా ఆ వంటగదిలో ఎన్నిసార్లు తిరిగానో! మిషను దగ్గర కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఏం చేయాలో తోచేది కాదు. మధ్యలో మా తమ్ముడి ఫోన్లొకటి, చెవిలో జోరీగలాగా.

"అక్కా, నా కారు కారులాగే వస్తుందా, మూటగట్టి పంపిస్తారా?"

"ఇంకోసారి ఫోన్ చేశావంటే నిన్నే మూటగట్టి పంపిస్తా!" అన్నాను. పాపం, వాడికేం తెలుసు?

గురువారం నుంచి గ్రైండరు తగ్గింది. శుక్రవారం రెండే సార్లు. శనివారం పొద్దుట్నుంచీ ఒక్కసారి కూడా అరవలేదు. నాకు లోపల్లోపల గంతులేయాలని ఉంది. అప్పుడు మధ్యాహ్నం ఆయన వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"నీ స్టీలు స్కేలు ఒకసారి ఇస్తావా?"

ఇచ్చాను. వెళ్లారు. అతుకు లేదు, గ్రైండరు లేదు, సుత్తి లేదు. గ్యాసు బుస కూడా లేదు. పది నిమిషాలు ఆగాను. ఇక నా వల్ల కాలేదు, లేచి వెళ్లాను.

ఆయన బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుని ఉన్నారు. బల్ల మీద హెడర్. అమ్మో, ఎంత బాగుందో! నేను కుట్టుపని మనిషిని, ఎవరి చేతిపని చూసినా ముందు కుట్టు చూస్తాను. ఒక్కో అతుకూ మిషను కుట్టులాగా వరసగా పడింది. చెయ్యి నిలిచింది! అరిచేద్దామనుకుని ఆయన ముఖం చూసి ఆగిపోయాను.

నాలుగు గొట్టాలూ వచ్చి ఒక మందపాటి ఇనుప పలకకు అతుక్కుంటాయి. ఆ పలకనే ఇంజిన్‌కు బోల్టులతో బిగిస్తారు. ఆయన నా స్కేలును ఆ పలక మీద నిలువుగా ఆనించారు. స్కేలు రెండు చివర్లా తగిలి, మధ్యలో తేలింది. దాని కింద నుంచి కిటికీ వెలుతురు కనిపించింది.

"పలక వంగిపోయింది" అన్నారు. "ఇంజిన్‌కు ఆనదు. పొగంతా పక్కల్నించే పోతుంది."

"ఎలా వంగింది?"

"వేడికి లాక్కుపోతుంది. అందుకే ముందు దాన్ని లావుపాటి ఇనుప దిమ్మకు బిగించి, అప్పుడు అతుకు వేస్తాం. కొత్తగా చేరినవాడికి మొదటి రోజు చెప్పే పాఠం ఇదే. చెప్పేది కూడా నేనే."

"మరి?"

"మర్చిపోయాను. ధ్యాసంతా చేతి మీదే ఉంది." స్కేలు పక్కన పెట్టి, "చెయ్యి వచ్చింది, తల పోయింది" అన్నారు.

అంతే, ఆరు రోజులు మూతపడి కూర్చున్న నోరు తెరుచుకుంది.

"ఇలాంటి తలతోనే సోమవారం పరీక్షకు వెళ్తారా?"

ఆయన తలెత్తారు. "ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరు చెబితే ఏంటి! మీరు చెప్పలేదు కదా!"

"చెబితే బెంగ పెట్టుకుంటావని..."

"ఇప్పుడేం చేస్తున్నాననుకున్నారు, సంబరాలా?" గబగబా లోపలికి వెళ్లి, బుధవారం కుట్టిన ఫోర్‌మన్ భార్య కోటు తెచ్చి ఆయన ఒళ్లో పడేశాను. "చూడండి. గ్రైండరు పద్నాలుగు సార్లు అరిచిన రోజు నేను చేసిన ఘనకార్యం!"

ఆయన కోటు విప్పి చూశారు. రెండు చేతులూ ఎడమవే. ఆయన చాలాసేపు ఆ చేతుల వంకే చూసి, నవ్వడం మొదలుపెట్టారు. నెలల తర్వాత నవ్వారు. నాకేమో ఏడుపొచ్చింది, దాంతో ఇంకా కోపమొచ్చింది.

"నవ్వింది చాలు, లేవండి. ఇంకో పలక లేదా?"

ఉంది. ఎప్పుడూ రెండు కోయడం ఆయన అలవాటు. గొట్టాలను పాత పలక నుంచి కోసేశారు. నాలుగూ సమానంగా తగ్గాయి కాబట్టి ఫర్వాలేదట. ఈసారి కొత్త పలకను దిమ్మకు బోల్టులు పెట్టి బిగించారు. ఆ బోల్టులు నేను కూడా ఒక్కొక్కటీ లాగి చూశాను. ఆయన ముసుగు దించారు. నేను చూస్తున్నానని కాబోలు, చెయ్యి వణకడం మొదలైంది. మొదటి అతుకు ఎలక కొరికినట్టు పడింది. గ్రైండరు. మళ్లీ వేశారు. మళ్లీ గ్రైండరు.

"ఆ వెలుగు చూడకు, కళ్లు పోతాయి" అన్నారు.

గోడ వైపు తిరిగి నిలబడ్డాను. కదలకుండా నిలబడ్డం నాకెక్కడ చేతనవుతుంది? నోరు దానంతటదే మొదలెట్టింది. ఆయన నా మంచి కత్తెరతో ఇనుప తీగ కత్తిరించిన సంగతి ఎత్తుకున్నాను. మూడు గొడుగులు మూడు బస్సుల్లో వదిలేసిన సంగతి. తగిలిస్తానని సెలవు పెట్టి మరీ మేకు కొట్టి, ఇవాళ్టికీ తగిలించని అద్దం సంగతి. గోడకు చెప్పుకున్నట్టే ఉంది, నిజంగానే గోడకు చెబుతున్నాను కూడా. మా పెళ్లినాడు ఆయన పోగొట్టుకున్న బూట్ల దగ్గరికి వచ్చేసరికి గ్రైండరు అరవడంలేదని తట్టింది. నోరు మూసుకున్నాను.

"ఆపావేం?" అన్నారు వెనకనుంచి.

"ఏంటి?"

"తిట్టు. ఆపకు. నువ్వు తిడుతుంటే చెయ్యి గుర్తుండటం లేదు."

నాలుగో గొట్టం అయ్యేసరికి నా గొంతు ఎండిపోయింది. చల్లారాక బోల్టులు విప్పి, నా స్కేలు నేనే పెట్టి చూశాను. ఎక్కడా వెలుతురు కనిపించలేదు. ఆదివారం తమ్ముడు హెడర్ బిగించిన కారు తీసుకెళ్తూ, "బావా, నిక్షేపంలా ఉంది, ఇంత హైరానా ఎందుకు పడ్డారు?" అన్నాడు. మేమిద్దరం చెరో వైపు చూశాం.

సోమవారం పొద్దున ఆయన సంచి భుజాన వేసుకుని గుమ్మం దగ్గర ఆగారు.

"ఒకసారి తిట్టి పంపు."

నోరు తెరిచాను. ఏమీ రాలేదు. ఇన్నేళ్ల కాపురంలో నాకు తిట్టు దొరకకపోవడం అదే మొదటిసారి.

"సరేలే, పాతవి బోలెడున్నాయి" అని వెళ్లిపోయారు.

పది నుంచి సాయంత్రందాకా ఒక్క కుట్టు కుట్టలేదు. సూదిలో దారం కూడా ఎక్కలేదు. నాలుగున్నరకు గేటు చప్పుడైంది. ఆయన లోపలికి వచ్చి, సంచిలోంచి అరచేయంత పైపు ముక్క తీసి మిషను మీద పెట్టారు. పరీక్షలో అతికించి, కోసి చూసిన పైపు. దాని మీద సుద్దతో టిక్కు పెట్టి ఉంది.

కళ్లజోడు పెట్టుకుని, దీపం దగ్గరికి జరుపుకుని కుట్టు చూశాను. మొదట్నుంచి చివరిదాకా నిటారుగా ఉంది, ఒక్కచోట తప్ప. మధ్యలో వెంట్రుకంత పక్కకు జరిగి, మళ్లీ దారిలో పడింది.

"ఇక్కడేమైంది?" అన్నాను, వేలు పెట్టి.

"అక్కడా? అక్కడ నీ తిట్లు అయిపోయాయి" అన్నారు. "మళ్లీ కత్తెర దగ్గర్నుంచి మొదలెట్టాను."