రెండో కార్బన్ కాగితం

జుల్మీర నిమ్మచెక్కను ఉప్పులో అద్ది వేళ్ళకు రుద్దుకుంటోంది. కార్బన్ నలుపు గోళ్ళ సందుల్లోంచి ఒక పట్టాన వదలదు. యూనివర్సిటీ కార్యాలయంలో టైపిస్టుగా చేరిన ఈ మూడేళ్ళ నుంచీ ఇంటికి రాగానే ఆమె మొదటి పని ఇదే. పక్కన పిన్ని గ్రసింద సూపులోకి ఆకుకూర దారాల్లా తరుగుతోంది. ఇరవై ఏళ్ళుగా నూలు మిల్లులో పని చేస్తున్న చేతులవి. కత్తి వైపు చూడనైనా చూడదు.

"చర్మం ఊడొచ్చేలా ఉంది. ఇవాళేంటే అంత రుద్దుడు?" అంది గ్రసింద.

జుల్మీర ఇంకో నిమ్మచెక్క తీసుకుంది. నలుపు ఎప్పుడో పోయింది. అయినా రుద్దుతూనే ఉంది.

ఆ ఉదయం పెద్ద గుమాస్తా బల్తజార్ ఆమెను లోపలికి పిలిచి తలుపు వేశాడు. కిటికీ దగ్గర ఎవరో కొత్త మనిషి నిలబడి ఉన్నాడు. మామూలు కోటే వేసుకున్నాడు గానీ కాళ్ళకున్నవి సైన్యం బూట్లు. బల్తజార్ చేతిరాతలో ఉన్న కాగితమొకటి ఆమె ముందు పెట్టాడు. నలభై ఒక్క పేర్లు. మూడు ప్రతులు కావాలి, కొత్త కార్బన్లు వాడాలి, పని కాగానే రెండు కార్బన్లనూ పొయ్యిలో వెయ్యాలి.

జాబితా పైన ఇలా ఉంది: జూన్ పరీక్షలకు హాజరు కాని విద్యార్థులు. కింద ఇంకో వాక్యం ఉంది: చదువు కోసం వీరికిచ్చిన సైన్య వాయిదా రద్దు చేసి, శిక్షగా ఆఫ్రికా దళాలకు పంపవలెను.

ఆ రోజు మే ఇరవై ఎనిమిది. పరీక్షలు మొదలయ్యేది జూన్ రెండున.

పలక మీద ముందు తేదీ వేయనిదే వాళ్ళ ఊరి బడి పంతులమ్మ ఒక్క అక్షరం కూడా రాయనిచ్చేది కాదు. ఆ అలవాటు కొద్దీ జుల్మీర అడిగింది, "తేదీ ఏం వెయ్యమంటారు సార్?"

"ఖాళీగా వదిలెయ్" అన్నాడు బల్తజార్. బూట్ల మనిషి కిటికీలోంచి చూపు తిప్పలేదు.

జాబితాలో పదిహేడో పేరు క్వింటీను. జుల్మీర వాళ్ళింటి వెనక గదిలో అద్దెకుండే కుర్రాడు.

ఏప్రిల్‌లో విద్యార్థి సంఘం గదికి తాళం వేసి, ఎనిమిది మందిని చదువులోంచి వెళ్ళగొట్టారు. వాళ్ళను వెనక్కి తీసుకునేదాకా పరీక్షలు రాయబోమని మిగిలినవాళ్ళు తీర్మానం చేశారు. తీర్మానమైతే చేశారు గానీ, రాత్రిళ్ళు ఎవరికీ నిద్ర పట్టడం లేదు. చదువుకుంటున్నంత కాలం సైన్యం పిలుపు వాయిదా పడుతుంది. ఏడాది పోతే ఆ వాయిదా పోతుంది. ఆ తర్వాత ఆరు నెలలు ఆఫీసర్ల బడి, భుజం మీద ఒక నక్షత్రం, చేతి కింద ముప్పై మంది పల్లెటూరి కుర్రాళ్ళు. ఓడ ఎక్కితే అంగోలా, కాకుంటే మొజాంబిక్. రాత బాగోలేకపోతే గినీ. అవన్నీ ఆఫ్రికాలో సర్కారు వలసలు, ఎనిమిదేళ్ళుగా అక్కడ యుద్ధం సాగుతూనే ఉంది. అందుకే సగం మంది మనసులో ఇంకా అటూ ఇటూగానే ఉన్నారు. క్వింటీను మరీనూ. అతని తండ్రి సీసా బిరడాల కోసం చెట్ల బెరడు ఒలిచే కూలి. పరీక్ష రాసేస్తానని తల్లికి ఉత్తరం కూడా వేశాడు.

అతను సూపు తాగడానికి వచ్చి కూర్చోగానే గ్రసింద మొదలుపెట్టింది. ఇది రోజూ ఉండేదే.

"ఏం బాబూ, నక్షత్రం ఎప్పుడు కుట్టించుకుంటున్నావ్? దారం నే తెచ్చిస్తాలే, మిల్లులో బోలెడుంది."

"నాకొద్దమ్మా ఆ నక్షత్రం."

"మీకొద్దన్నా వస్తుంది. మావాళ్ళకి మూట, మీకు నక్షత్రం. మా ఆబీలియును చంపింది ఎవరనుకున్నావ్? నీలాంటివాడే. ఆరు నెలల చదువు. మ్యాపు తిరగేసి పట్టుకుని, పిల్లల్ని తీసుకుపోయి బురదలోకి తోలాడు."

ఆబీలియు జుల్మీర తమ్ముడు. తల్లి పోతే ఇద్దర్నీ గ్రసిందే పెంచింది. నిరుడు గినీలో పోయాడు. ప్రభుత్వం రాసిన ఉత్తరం మేరీమాత పటం వెనక ఉంది.

"నేనూ సభలో అదే అడిగాను, ఆఫీసర్ల బడిలో ఆరు నెలలు ఏం నేర్పుతారని. ఇంకేం మాట్లాడలేదు" అన్నాడు క్వింటీను తల దించుకుని.

జుల్మీర లేచి, మధ్యాహ్నం రొట్టె చుట్టుకెళ్ళిన గుడ్డ విప్పింది. లోపల రెండు కార్బన్ కాగితాలున్నాయి. కార్యాలయం పొయ్యిలో ఆమె వేసినవి పాత కార్బన్లు. ఒకదాన్ని కిటికీ వెలుగుకు అడ్డంగా పట్టుకుంది. నల్లటి కాగితం మీద తెల్లగా, వరసగా పేర్లు.

క్వింటీను చాలాసేపు చదివాడు. చెంచా సూపులోనే ఉండిపోయింది.

"అంటే నేను రాసినా..."

"ఇది ఇవాళ పొద్దున కొట్టించారు" అంది జుల్మీర.

గ్రసింద ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. దొరల కొడుకులూ దొరలూ కొట్టుకుంటుంటే మధ్యలో నువ్వెందుకే, ఉద్యోగం పోతే ఏం తింటావ్ అని ఆ సాయంత్రమంతా సణుగుతూనే ఉంది. రెండో కార్బన్‌ను జుల్మీర రొట్టెల పెట్టెలో అడుగున పెట్టడం చూసి మాత్రం, దాని మీద రెండు రొట్టెలు సర్దింది.

మర్నాడు మధ్యాహ్నం న్యాయశాస్త్ర విభాగం ముంగిట సభ జరిగింది. జుల్మీర భోజనం మానుకుని వెళ్ళి వెనక గోడకు ఆనుకుని నిలబడింది. సిగరెట్ల కొట్టు దగ్గర టోపీవాడొకడు పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నాడు. పేజీ మాత్రం తిప్పడు. భూస్వామి కొడుకొకడు లేచాడు. ఆవేశపడి ఒక ఏడాది పోగొట్టుకోవద్దు, బుద్ధిగా రాసినవాళ్ళ జోలికి ఎవరూ రారు అన్నాడు. చాలామంది తలలూపారు. వైద్యవిద్యార్థిని ఒకామె, వెళ్ళగొట్టిన ఎనిమిది మంది ముఖం ఎలా చూస్తావని నిలదీసింది. ముఖాల సంగతి తర్వాత, ప్రాణాల సంగతి చూడండని ఎవరో అరిచారు. మాటలు ముదురుతున్నాయి. సభ రెండుగా చీలిపోయేలా ఉంది.

అప్పుడు క్వింటీను మెట్లెక్కాడు.

"నేను రాద్దామనే అనుకున్నాను. భయపడ్డాను. ఇదిగో, ఇందులో పదిహేడో పేరు నాది. జూన్ రెండున పరీక్షకు రాలేదట నేను. నిన్ననే రాసేశారు."

కాగితం అతని చేతిలోంచి ముందు వరసకు, అక్కడ్నించి వెనక్కి వెళ్ళింది. ఒక్కొక్కరూ ఎండకు అడ్డంగా పట్టుకుని తమ పేరు వెతుక్కున్నారు. భూస్వామి కొడుకు పేరు కూడా ఉంది, ముప్పై మూడోది. చప్పట్లు లేవు. చేతులు మారి మారి కాగితం నలిగి, అక్షరాలు అరిగిపోయాయి. చివరికి జుల్మీర దగ్గరికి వచ్చేసరికి అందులో చదవడానికేమీ మిగల్లేదు. కానీ ఆ ముంగిట్లో వందల చేతులు నల్లబడ్డాయి. ఒకరి తర్వాత ఒకరు తమ యూనివర్సిటీ నల్లటి పై అంగీలను మెడదాకా మూసుకున్నారు. తెల్లచొక్కా కనబడకుండా మూస్తే అది విద్యార్థుల సంతాపం.

జూన్ రెండున కొండ మీది యూనివర్సిటీ ముందు గుర్రప్పోలీసులు బారులు తీరారు. గంట మోగింది. హాళ్ళలో ప్రశ్నపత్రాలు ఎక్కడ పెట్టినవి అక్కడే ఉన్నాయి. భూస్వామి కొడుకు కూడా బయటే నిలబడ్డాడు.

అలాంటి జాబితా ఏదీ లేదని పత్రికలో ప్రకటన వచ్చింది. అదే రోజు బల్తజార్ టైపిస్టుల గదిలోకి వచ్చాడు. కార్బన్లు ఏమయ్యాయని అడిగాడు. కేకలు వెయ్యలేదు. మెల్లగా అడిగాడు. జుల్మీర నోరు తెరవబోయింది. ఈలోగా ఔరోర లేచి నిలబడింది. ఇరవై ఆరేళ్ళ సర్వీసు ఆమెది. బల్తజార్‌కు రోజూ కాఫీ తెచ్చిచ్చేది, పక్కవాళ్ళు ఆలస్యంగా వస్తే చెప్పేది ఆమే.

"నా కళ్ళముందే కాలిపోయాయి సార్. నేనే పొయ్యి ఎగదోశాను" అంది ఔరోర. మిగిలిన ముగ్గురు టైపిస్టులూ మిషన్ల మీంచి తల ఎత్తకుండానే, మేమూ చూశాం అన్నారు.

మూడో తేదీ సాయంత్రం ఇంటికి ఇద్దరు వచ్చారు. యూనిఫాం లేని రహస్య పోలీసులు. సిగరెట్ల కొట్టు దగ్గరి టోపీవాడు అందులో ఒకడు. క్వింటీను తింటున్నాడు.

"సూపు పూర్తి చెయ్యి బాబూ, తొందరేం లేదు" అన్నాడు టోపీవాడు దయగా. క్వింటీను చెంచా పక్కన పెట్టాడు. రెండోవాడు పరుపు చీల్చాడు, పుస్తకాలు దులిపాడు, రొట్టెల పెట్టె మూత తీసి పై రొట్టెలు రెండూ ఎత్తి చూశాడు. మళ్ళీ పెట్టేశాడు.

వెళ్తూ వెళ్తూ టోపీవాడు జుల్మీర వైపు తిరిగాడు. "రేపు తొమ్మిదింటికి మా ఆఫీసుకి రా అమ్మాయ్. చేతులు శుభ్రంగా కడుక్కుని రా."

క్వింటీనును ఎక్కించుకుని కారు వెళ్ళిపోయింది. గ్రసింద అతను వదిలేసిన గిన్నె కడిగి బోర్లించింది. తడి చేతులు తుడుచుకుని, పెట్టె అడుగునుంచి కార్బన్ తీసింది.

"నాకు చదువు రాదు. ఇందులో ఏముందో చదువు."

జుల్మీర వెలుగుకు పట్టి పేర్లన్నీ చదివింది. చివరి వాక్యం దగ్గర గ్రసింద చెయ్యెత్తింది. "అదింకోసారి చదువు."

"శిక్షగా ఆఫ్రికా దళాలకు పంపవలెను."

గ్రసింద మేరీమాత పటం వెనకనుంచి ఉత్తరం తీసి ఇచ్చింది. ఏడాదిగా దాన్నెవరూ విప్పలేదు. "ఇప్పుడు మనవాడిది."

"దేశం ఇవ్వగలిగిన అత్యున్నత గౌరవం మీ బిడ్డకు దక్కినది..."

"ఒకటే ఆఫ్రికానా?"

"ఒకటే పిన్నీ."

"వాళ్ళకి శిక్షంట. మనకి గౌరవమంట. రెండూ ఒకే సర్కారు రాసిందేనా?"

"కింద 'దేశ క్షేమం కోసం' అన్న మాట కూడా ఒకటే."

గ్రసింద ఉత్తరాన్ని మడిచి బల్ల మీద పెట్టింది. ఆ పూట సూపు ముట్టలేదు. జుల్మీర వెళ్ళి పక్కన కూర్చుంటే చెయ్యి పట్టుకుని, గోళ్ళ సందుల్లో మిగిలిన నలుపును బొటనవేలితో తడిమింది.

తెల్లారి మిల్లు కూత ఇంకా వెయ్యలేదు. మూడు వందల మంది ఆడవాళ్ళు పనిచేసే మిల్లు అది. కొడుకో తమ్ముడో ఓడెక్కని ఇల్లు వాళ్ళలో దాదాపు లేదు. జుల్మీర లేచి చూసేసరికి గ్రసింద శాలువా కప్పుకుని బల్ల దగ్గర నిలబడి ఉంది. గౌరవం ఉత్తరం మీద కార్బన్ పరిచి, రెండింటినీ కలిపి రొట్టెకు చుట్టింది. గుడ్డలో మూట కట్టింది. ఆ మూటను చంకలో కాదు, రొమ్ముకు ఆనించి పట్టుకుంది.

జుల్మీర లేచి నిలబడింది. గ్రసింద జుల్మీర తలకు చుట్టుకునే రుమాలు తీసి ఆమె భుజం మీద వేసి, తొమ్మిదికి ఇంకా టైముంది, నువ్వూ రా అన్నట్టు గోడ గడియారం వైపు చూసింది.

తర్వాత గడియ తీసి, మిల్లు వైపు నడిచింది. ఇనప గడియ మీద అయిదు నల్లటి వేలిముద్రలు మిగిలాయి. జుల్మీర వాటిని తుడవలేదు.