నాన్న వంపుకో గిటారు

ఆ గిటార్ల దుకాణంలో ఒక గోడ తండ్రిది, ఎదురు గోడ కూతురిది. తండ్రి గోడ మీదవన్నీ ఎనిమిది అంకె ఆకారంలో, అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. కూతురి గోడ మీద చేప గిటారు, ఆకు గిటారు, నెలవంక గిటారు. "ఇవి వాయించడానికా, చంటిపిల్లల్ని ఆడించడానికా?" అని రోజుకోసారైనా అనకపోతే ఆయనకు తిన్నది అరగదు. అవి అమ్ముడుపోతున్నాయన్న మాట మాత్రం చెవికెక్కదు.

ఆ ఎత్తిపొడుపులు ఆమెకు అలవాటే. అలవాటు కానిది ఒక్కటే: నాన్న వాయించడం మానేశాడు. బల్ల మీద వంగి చిత్రిక పట్టీ పట్టీ వీపు వంగిపోయింది, పొట్ట ముందుకొచ్చింది. గిటారు ఒళ్లోకి తీసుకుంటే దాని అంచు పక్కటెముకల్లో పొడుస్తుంది. ఆ మాట చెప్పడు. తీగలు బాగాలేవంటాడు. కొత్తవి వేస్తే, మనసు బాగాలేదంటాడు. ఆయన పాట లేని ఇల్లు ఆమెకు ఇల్లులాగే లేదు.

"నీ ఒంటికి సరిపోయేలా ఒకటి చేస్తా నాన్నా."

"నా ఒంటికేం? గుండ్రాయిలా ఉన్నాను."

ఆమె వింటే కదా! మొండిఘటం అని గొణుక్కుంటూనే చివరికి కొలతలకు కూర్చున్నాడు.

పొట్ట దగ్గర లోపలికి తొలిచి, పై అంచు కోసేసి చేసిన ఆ గిటారు, ఎవరో కొరికి వదిలేసిన పండులా తయారైంది. ఆయన ఒళ్లో పెట్టుకుని మీటాడో లేదో, అంచు వెళ్లి అదే ఎముకలో పొడిచింది.

"చూశావా! అష్టవంకరలవి గోడకే పనికొస్తాయి." గెలిచినట్టే అన్నాడు గానీ, దాన్ని కింద పెట్టేటప్పుడు ఆయన మొహం చిన్నబోయింది. 

ఆమె కొలతలన్నీ మళ్లీ చూసుకుంది. ఎక్కడా తేడా లేదు. అప్పుడు తట్టింది. కొలిచేటప్పుడు ఆయన ఫొటోకి కూర్చున్నట్టు ఛాతీ విరుచుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. గిటారు ఆ మనిషికి చక్కగా సరిపోతుంది, ఆ మనిషే ఇంట్లో లేడు. ఆమెకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. వదలడం అన్నది మాత్రం మనసులోకే రాలేదు.

మర్నాడు ఆయన కిటికీ పక్కన చిత్రిక పడుతుంటే, ఎండకు ఆయన నీడ గిటార్లు లేని నీలంగోడ మీద పడింది. ఆమె సుద్దముక్క తీసుకుని ఆ వీపూ ఆ పొట్టా ఉన్నదున్నట్టు గీసింది. అంతలో ఆయన తిరిగి చూశాడు.

"ఎవరా గూని ముసలాడు?"

"నువ్వే నాన్నా. నువ్వు వంగావు, గిటారూ వంగాలి. తిట్టినా చేస్తా, కొట్టినా చేస్తా."

ఆయన ముక్కుపుటాలు అదిరాయి. చిత్రిక పక్కన పెట్టి, తడిగుడ్డ అందుకుని గీతంతా తుడిచేశాడు. 

ఆయన స్టూలు ఈడ్చుకొచ్చి ఆ గోడ పక్కనే, ఎండలో కూర్చున్నాడు. లేని గిటారును ఒళ్లో పెట్టుకున్నట్టు చేతులు పెట్టాడు.

"పని దగ్గర వంగేది వేరు, పాట దగ్గర వంగేది వేరు. ఆమాత్రం తెలీదూ?" అని కసిరాడు. "పాట దగ్గర ఇంకాస్త ఎక్కువే వంగుతాను. గీయి."

ఆమె సుద్దముక్క అందుకుంది. ఈసారి ఆయన నిటారుగా కూర్చోలేదు.