యాభై లెన్సు, మా బావగారు

మా ఆయన అన్నగారికి, అంటే మా బావగారికి, నేను పెట్టిన పేరు సెలక్షన్ కమిటీ. అధ్యక్షులూ సభ్యులూ కార్యదర్శీ అన్నీ ఆయనొక్కరే. ఇంట్లో ఎవరు ఏం కొన్నా ఆయన చూసి ఊ అనాలి. మా ఫ్రిజ్ ఆయన ఎంచిందే. దాని తలుపు ఎడమవైపుకు తెరుచుకుంటుంది, మా వంటింట్లో ఎడమవైపున గోడ ఉంది. పదకొండేళ్ళుగా ఆ తలుపు సగమే తెరిచి, పక్కనుంచి చెయ్యి దూర్చి పాలగిన్నె తీస్తున్నాను. ఆయన మాత్రం వచ్చినప్పుడల్లా ఫ్రిజ్‌ను ఆప్యాయంగా తట్టి, "ఎవరి సెలక్షన్ మరి" అంటారు.

అలాంటి మనిషికి తెలియకుండా నేను డిజిటల్ ఎస్సెల్లార్ కెమెరా కొన్నాను. ఒట్టి బాడీ మాత్రమే. లెన్సు నిదానంగా నేనే చూసుకుని కొనుక్కుందామనుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను. మా ఆయన కడుపులో మాట దాగదు. పెట్టె విప్పీ విప్పకముందే అన్నగారికి ఫోన్ చేసి చెప్పేశారు.

అసలు ఆ కెమెరా నాకెందుకో మా ఆయనకు కూడా సరిగ్గా తెలియదు. మాది కళ్ళజోళ్ళ షాపు. ముందు గదిలో ఫ్రేములు, కౌంటరు, మా ఆయన. వెనక గదిలో కంటి పరీక్ష, నేను. ఆ గదికి కిటికీ లేదు. ఒక కుర్చీ, దాని పక్కన నా స్టూలు, అద్దాల పెట్టె, ఎదుటి గోడకు వెలిగే అక్షరాల బోర్డు, అంతే. ఇరవై రెండేళ్ళుగా అక్కడ కూర్చుని జనం కళ్ళముందు ఒక అద్దం వేసి, తీసి, ఇంకొకటి వేసి, "ఇది బాగుందా, అది బాగుందా" అని అడుగుతున్నాను. సరైన అద్దం పడగానే మనిషికి ఒక ముఖం వస్తుంది. నోరు కొంచెం తెరుచుకుంటుంది, నుదుటి మీద ముడత విడిపోతుంది. ఎంతటి గంభీరమైన మనిషైనా ఆ క్షణంలో పసివాడే. అంతలోనే సర్దుకుని, "నల్ల ఫ్రేము ఉందాండీ" అంటాడు. ఆ ముఖాన్ని ఇన్నేళ్ళుగా నేనొక్కదాన్నే చూస్తున్నాను. దాన్ని ఫోటో తీయాలి. కెమెరా కొన్నది అందుకే, మరి దేనికీ కాదు.

నెల రోజులు వెతికి ఏ లెన్సు కావాలో తేల్చుకున్నాను కూడా. యాభై ఎమ్ఎమ్. జూమ్ ఉండదు. అరచేతిలో ఇమిడిపోతుంది. గది చీకటిగా ఉన్నా వెలుతురును బాగా లాక్కుంటుంది, ఎదురుగా కూర్చున్న మనిషి ముఖానికి చక్కగా సరిపోతుంది.

మర్నాడు కెమెరా షాపుకు వెళ్ళేసరికి బావగారు నాకంటే ముందే అక్కడున్నారు. మెడలో ఆయన పాత కెమెరా వేలాడుతోంది. దాంతో ఆయన చంద్రుణ్ణి తీస్తారు. ఇప్పటికి నాలుగువందల చంద్రుళ్ళు పోగయ్యారు.

"ఏమ్మా, నువ్వొక్కదానివే వచ్చి కొనేద్దామనా?" అన్నారు.

"మీకెందుకు శ్రమ అని, బావగారూ."

"శ్రమేముంది, మనింటి పనే కదా. ఏం అనుకున్నావు మరి?"

యాభై అన్నాను. ఆయన జాలిగా చూశారు. "జూమ్ లేకుండానా? దూరంగా ఉన్నది కావాలంటే ఏం చేస్తావు, పరిగెత్తుతావా?" అని షాపాయన వైపు తిరిగి నవ్వారు. ఆ షాపాయన నోట్లో నాలుక లేని మనిషి. ఆయనా నవ్వాడు.

నా కెమెరాకు యాభై తగిలించి ఇచ్చాడు. బావగారు కన్ను ఆనించి, గుమ్మంలోంచి వీధిలోకి చూసి, వెంటనే తీసేశారు. "అంతా మసక. ఇది లెన్సా, సీసా అడుగా?" తర్వాత సొరకాయంత జూమ్ తగిలించుకుని అటే చూశారు. ముఖం వెలిగిపోయింది. "ఇదమ్మా. ఎదురుగా మందుల షాపు బోర్డు మీద ఫోన్ నంబరు కూడా చదవొచ్చు దీంతో."

"అది నాకు ఉత్త కళ్ళకే కనబడుతోంది, బావగారూ" అన్నాను.

వినిపించుకోలేదు. నా బుర్ర అక్కడే వెలగాల్సింది. వెలగలేదు, ఎందుకంటే అప్పటికి ఒళ్ళు మండిపోతోంది. వారం రోజులు వాడి చూసి నచ్చకపోతే మార్చుకోవచ్చన్న మాట మీద ఆ సొరకాయను చంకనేసుకుని మా షాపుకు వచ్చాను.

రెండో రోజే గడియారాలు బాగుచేసే ఆయన కంటి పరీక్షకు వచ్చాడు. ఫోటో తీసుకోవచ్చా అని ముందే అడిగాను, సరేనన్నాడు. అద్దం వేశాను. నోరు తెరుచుకుంది. నేను కెమెరా ఎత్తాను. ఆ జూమ్ బుర్రుమంటూ ముందుకు వెళ్ళింది, బుర్రుమంటూ వెనక్కి వచ్చింది. దానికి చీకటి పడదు, దగ్గర మనిషి అసలే పడడు. వెనక్కి జరిగాను, ఇంకా జరిగాను, వీపు గోడకు తగిలింది. బుర్రుమంటూనే ఉంది. ఈలోగా ఆయన నోరు మూసుకుని, "అయిపోయిందామ్మా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

సాయంత్రమే కెమెరా షాపుకు వెళ్ళి యాభైని కూడా వారం వాడి చూస్తానని తెచ్చుకున్నాను. "మీకు కావలసింది ఇదేనని నాకు తెలుసమ్మా, ఆయన ముందు చెప్పలేకపోయాను" అన్నాడు షాపాయన, వీధి వైపు ఓసారి చూసుకుని.

బావగారి మాట కాదని నేను కొనుక్కోలేనా అంటే, కొనుక్కోగలను. కానీ ఆ తర్వాత మా ఆయన "అన్నయ్య నొచ్చుకుంటాడేమో" అని నెల రోజులు చెవి దగ్గర జోరీగలా తిరుగుతారు. అందుకని బావగారి నోటితోనే యాభైని మెచ్చుకునేలా చేసి, ఆపైన గాలి తీసేద్దామని పథకం వేశాను. మా వృత్తిలో ఒక చిన్న మాయ ఉంది. ఎదుటివాళ్ళు నిజంగా చూసి చెబుతున్నారో, తోచింది చెబుతున్నారో తెలుసుకోవాలంటే, అద్దం తీసినట్టే తీసి మళ్ళీ అదే వేస్తాం. "ఆ, ఇదే బాగుంది" అన్నారంటే అడ్డంగా దొరికిపోయినట్టే.

షాపు సెలవు రోజు చూసి బావగారిని పిలిచాను. ఖరీదైన లెన్సు ఇంకొకటి వచ్చిందని, రెంటిలో ఏది మేలో ఆయనే తేల్చాలని చెప్పాను. పది నిమిషాల ముందే వచ్చేశారు. అసలు సంగతి మా ఆయనకు చెప్పి, నోరు మూసుకుని మూల నిలబడమన్నాను.

బావగారు మెడలోని తన కెమెరా తీసి బల్ల మీద పెట్టి, పరీక్ష కుర్చీలో దర్జాగా కూర్చున్నారు. ఆయన మా ఆయనకు లెన్సుల మీద ఉపన్యాసం ఇస్తుంటే, నేను ఊరికే ఆయన కెమెరా తీసి కన్ను ఆనించి చూశాను. తల తిరిగింది. అక్షరాల బోర్డు మొత్తం అలుక్కుపోయినట్టుంది. కన్ను ఆనించే చోట పక్కన ఒక చిన్న చక్రం ఉంటుంది. కంటికి పవర్ ఉన్నవాళ్ళు కళ్ళజోడు లేకుండా చూసుకోవడానికి తిప్పుకునే చక్రం అది. బావగారిది మైనస్ వైపు, అంటే దూరం ఆననివాళ్ళ వైపు, చివరికంటా తిరిగి ఉంది.

నేను కెమెరా మెల్లగా కింద పెట్టాను. యాభై ఆరేళ్ళొచ్చినా పేపరు ఉత్త కళ్ళతో చదువుతానని ఈయన ఎన్ని పెళ్ళిళ్ళలో గొప్పలు చెప్పుకున్నారో లెక్కలేదు. ఆ వయసులో పేపరు అలా చదువుతున్నారంటే దూరం కనబడటం లేదేమోనని అనుమానం రావాలి. ఊళ్ళోవాళ్ళ కళ్ళన్నీ చూసే నాకు అది తట్టలేదు. సిగ్గేసింది. సిగ్గేసిందని కోపం తగ్గిందనుకునేరు, తగ్గలేదు.

నా కెమెరాకు యాభై తగిలించి, నల్లగుడ్డ చుట్టి చేతికిచ్చాను. "ఇది ఒకటోది, బావగారూ. బోర్డు చూసి చెప్పండి."

"అబ్బే, మసక. ఆ యాభైయే కదా ఇది? నా దగ్గరా?"

తీసుకుని అటు తిరిగి, టకటక చప్పుడు చేసి, అదే లెన్సు మళ్ళీ బిగించాను. చక్రం మాత్రం మైనస్ చివరికంటా తిప్పాను. "ఇది రెండోది."

కన్ను ఆనించారు. చాలాసేపు తీయలేదు. "ఆహా. లెన్సంటే ఇదమ్మా. చేతిలో బరువే చెబుతోంది, దీని అద్దం వేరు. కొత్తదే తీసుకో, నా మాట విను."

మూల నుంచి మా ఆయన కిసుక్కుమన్నారు.

"రెండూ ఒకటే లెన్సు, బావగారూ" అన్నాను. "రెండూ యాభైయే. నేను మార్చింది ఈ చక్రం."

మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. ఆయనకు సగమే అర్థమైంది. బావగారికి మొత్తం అర్థమైంది. కెమెరా ఒళ్ళో పెట్టుకుని, గుడ్డ అంచు సర్దుతూ కూర్చున్నారు. గాలి తీసినందుకు పండగ చేసుకుంటాననుకున్నాను గానీ, తీరా తీశాక నాకు ఏమీ బాగాలేదు. మా ఆయనను కాఫీ తెమ్మని బయటికి పంపేశాను.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాను తలుపు వేసి.

"నాలుగైదేళ్ళు. మా వంశంలో ఎవరికీ కళ్ళజోడు లేదమ్మా."

"ఇంట్లో నన్ను పెట్టుకుని ఒక్క మాట చెప్పొద్దా?"

"నీకు చెబితే ఇంకేమైనా ఉందా? నాకు సెలక్షన్ కమిటీ అని పేరు పెట్టినదానివి. గుడ్డి కమిటీ అనవూ?"

పేరు ఆయనకు తెలుసని నాకు తెలియదు. నేను పరీక్ష ఫ్రేము ఆయన ముక్కు మీద పెట్టి, అద్దాలు ఒక్కొక్కటే వేయడం మొదలుపెట్టాను. ఈసారి మాయలేమీ చేయలేదు. ఆయనా ఈసారి తెలియకపోతే తెలియడం లేదనే చెప్పారు. ఆరో అద్దమో ఏడో అద్దమో పడగానే నోరు తెరుచుకుంది. నుదురు విడిపోయింది. బోర్డు మీద అట్టడుగు వరుస, నేను అడగకుండానే, గొణుగుతున్నట్టు చదివేశారు. ఇన్నేళ్ళలో అంత చక్కని ముఖం నేను చూడలేదు. చెయ్యి చాచాను. కెమెరా ఆయన ఒళ్ళోనే ఉంది.

"అయ్యో, పోయింది" అన్నాను.

"ఏం పోయింది?"

అప్పుడు చెప్పాను, కెమెరా ఎందుకు కొన్నానో, యాభై ఎందుకు కావాలో, ఇప్పుడు ఏం పోయిందో. ఆయన పరీక్ష ఫ్రేము ముక్కు మీద ఉండగానే నన్ను ఎగాదిగా చూశారు. "ఈ మాట ముందే చెబితే ఆ జూమ్ నేనే మొహాన కొట్టి వచ్చేవాణ్ణి కదా."

"మీరు అడిగితే కదా."

మర్నాడు కంటి డాక్టరుకు చూపించాం. పొర ఏమీ లేదు, ఒట్టి పవరే అన్నాడు. సొరకాయ తిరిగి కెమెరా షాపుకు వెళ్ళిపోయింది, యాభై నాకు ఉండిపోయింది. వారం తిరిగేసరికి కళ్ళజోడు తయారైంది. తీసుకోవడానికి బావగారొక్కరే లోపలికొచ్చారు. మా అక్కయ్య, అంటే ఆయన భార్య, పక్క షాపులో ఏదో కొనుక్కుని వస్తానందట.

వెనక గదిలో జోడు పెట్టుకుని, అద్దంలో చూసుకుని మూతి ముడిచి, కుర్చీలో కూర్చున్నారు. "తీసుకో, నీ ఫోటో" అన్నారు.

"అలా అడిగితే రాదు, బావగారూ."

"నేను తెప్పిస్తాను కదా" అని నోరు తెరిచారు. కనుబొమలు నెత్తి మీదికి ఎగరేశారు. నేను తీశాను. చూపించమన్నారు. పంటి నొప్పి ముఖం. మళ్ళీ తీశాను. ఈసారి మెట్టు తప్పిన ముఖం. పద్నాలుగు తీశాను. ఒకదాన్ని మించి ఒకటి. బాకీ తీర్చుకుందామని పాపం ఆ మనిషి అంత కష్టపడుతుంటే నవ్వలేక, ఆపుకోలేక నా తలప్రాణం తోకకొచ్చింది.

పదిహేనోదానికి కెమెరా ఎత్తాను. తలుపు తీసుకుని అక్కయ్య లోపలికొచ్చింది. "ఎంతసేపండీ, కాళ్ళు పీకుతున్నాయి అక్కడ" అంది.

బావగారు తలెత్తారు. అలాగే ఉండిపోయారు.

"ఏమిటలా చూస్తున్నారు?"

"నీకిన్ని తెల్లవెంట్రుకలు ఎప్పుడొచ్చాయి?"

"మూడేళ్ళయింది. రంగు వేసుకోనా అని అడిగితే, ఎక్కడున్నాయి, నల్లగా నిగనిగలాడుతుంటేనూ అన్నారు కదా. నేనేం మారలేదని చుట్టాలందరికీ చెప్పుకొచ్చారు." అక్కయ్య సంచీ కింద పెట్టింది. "అయితే అవన్నీ చూడకుండా చెప్పినవా?"

నేను కెమెరా నొక్కాను. బావగారి నోరు కొంచెం తెరుచుకుని ఉంది. నుదుటి మీద ఒక్క ముడత లేదు.

"ఇప్పుడు చూసి చెబుతాను, ఉండు" అన్నారు. "కదలకు."

అక్కయ్య కదల్లేదు. నేను నొక్కుతూనే ఉన్నాను. తొమ్మిది ఫోటోలయ్యాక ఆవిడ సిగ్గుపడి ముఖం అటు తిప్పుకుంది. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నారు.